నేను తలె కొట్టిన ఆదివారం

చేపను పట్టి, దానితో ఫోటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలేసే మనుషులు లోకంలో ఉన్నారని మా బావకు మొదట చెప్పినవాణ్ని నేనే. పల్లికాయ ఒలుస్తున్నవాడల్లా ఆగి నా ముఖంలోకి చూశాడు.

"పొద్దుగాల్నే తాగినవా?" అన్నాడు.

తాగలేదన్నాను.

"మరి ఇడిసిపెట్టేదానికి పట్టుడెందుకు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అప్పట్లో మాత్రం ఉన్నట్టే నటించాను. నేను జడ్చర్లలో ఒక మందుల కంపెనీలో మాత్రలను అట్టపెట్టెలకెక్కించే సెక్షన్లో పనిచేస్తాను. నెల జీతం, మెడలో కార్డు, నెత్తిన ప్లాస్టిక్ టోపీ. మా వంశంలో నెల జీతం మొహం చూసిన మొదటివాణ్ని కాబట్టి, ఊరికి పోయినప్పుడల్లా అన్నీ తెలిసినవాడిలా మాట్లాడతాను. ఉద్యోగంతో పాటు వచ్చిన రోగం అది, దానికి మా కంపెనీలో కూడా మాత్ర లేదు.

అక్కా బావలది ఆత్మకూరు పక్కన పల్లె. మాదీ, బావ వాళ్లదీ ఒకప్పుడు గుంట భూమి లేని కుటుంబాలే. అక్క నాకంటే పదేళ్లు పెద్దది. పదేళ్ల వయసు నుంచే దొర పొలంలో కూలికి పోయింది. తెల్లవారుజామున దొర మనిషి మా గల్లీ మొదట్లో నిలబడి ఒక్క కేక వేసేవాడు. ఫలానా మనిషి అని పిలిచేది లేదు. కేక వినబడితే చాలు, జ్వరమున్నా, బాలింతయినా, కొడవలి పట్టుకుని బయటికి రావలసిందే. నన్ను చంకన వేసుకుని అక్క కూడా వెళ్లేది. ఆ కేక ఇప్పటికీ అప్పుడప్పుడు కలలో వినబడి లేచి కూర్చుంటానని ఒకసారి చెప్పింది.

తర్వాత దొర పట్నం పోయాడు, బావ వాళ్లకు మూడెకరాలు దక్కాయి. రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు కాలువలో నీళ్లు కూడా వచ్చాయి. అందరి పొలాలకూ నీళ్లు వచ్చాయని ఊరంతా సంబరపడుతుంటే, మా బావ పొలంలో కింది ముక్కకు మాత్రం అవసరమైనదాని కంటే ఎక్కువే వచ్చాయి. ఊట ఊరి ఊరి అది జౌకు నేలయింది. వరి వేస్తే కుళ్లింది, జొన్న వేస్తే మునిగింది. రెండేళ్లు దాన్ని తిట్టుకుని, మూడో ఏడు అక్కడ గుంట తవ్వించి చేపపిల్లల్ని వదిలాడు. రవ్వలు, బొచ్చెలు, కొన్ని బంగారుతీగలు.

అప్పటికే అక్క మోకాళ్లు పోయాయి. వంగి కలుపు తీయలేకపోయేది, కోతకు పోలేకపోయేది. చేపలకు మేత వేసే పని ఆమెకు అప్పగించారు. ఆమెను ఖాళీగా కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు మరి. రోజూ పది గంటలకు, ఎండ కాస్త నీళ్లకు తగిలాక, తవుడూ పల్లిచెక్కా నానబెట్టిన బకెట్ పట్టుకుని గట్టు మీదికి వెళ్లేది. ఒక సిల్వర్ తలె, అంటే పాత అన్నం పళ్లెం, దాన్ని గరిటెతో టంగు టంగున కొట్టేది. "దా బిడ్డా దా... దా..." అని పిలిచేది.

మొదట్లో బావ నవ్వేవాడు. నెల తిరిగేసరికి నవ్వడం మానేశాడు. ఎందుకంటే చేపలు వచ్చాయి. గుంట నాలుగు మూలల నుంచీ నీటి మీద గీతలు గీసుకుంటూ అక్క కాళ్ల ముందుకు వచ్చి నోళ్లు తెరిచేవి. అన్నిటికంటే ఆఖరున ఒక పెద్ద బొచ్చె వచ్చేది. దుత్తంత తలకాయ, నల్లటి వీపు. అది రాగానే చిన్నవన్నీ పక్కకు జరిగేవి. ఆలస్యంగా వచ్చి ముందు తింటుంది కాబట్టి అక్క దానికి దొర అని పేరు పెట్టింది.

"మూడు తరాలు దొర పిలిస్తే మనం పోయినం తమ్మీ," అంది నాతో ఒకసారి, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటూ. "ఇయ్యాల నేను పిలిస్తే దొర వస్తాండు. సూడు, ఎట్ల నోరు తెరిసిండో."

"నీ మాట ఇంకెవరన్న ఇంటరా?" అని ఎగతాళి చేశాను.

"మీ బావ ఇంటడా? నువ్వు ఇంటవా? నేను పిలిస్తే వచ్చేటియి గివ్వే."

ఆ మాట నవ్వుతూనే అంది. కానీ నిజమే అంది. అక్కను అందరూ పిలిచారు, అక్క పిలిస్తే ఎవరూ వచ్చింది లేదు.

అందుకే ఒక కట్టుబాటు పెట్టింది. ఏడాదికోసారి వల వేసే రోజు తలె ఇంట్లోంచి కదలకూడదు. మొదటి ఏడు వలవాళ్లు వచ్చినప్పుడు బావ తెలివి చూపించాడు. "నువ్వు జర తలె కొట్టు, అన్నీ ఒక్క తాన జమైతయి, ఒక్క గుంజుతోని అయిపోతది" అన్నాడు. అక్క తలెను బియ్యం డబ్బాలో దాచి, డబ్బా మీద కూర్చుంది.

"వల ఏసుకో. పట్టుకో. అమ్ముకో. కూర నేనే వండుత, నేనే తింట. కాని నా పిలుపు మీద పట్టొద్దు."

ఆమె డబ్బా మీద కూర్చుంటే లేపగలిగే మొనగాడు మా జిల్లాలో లేడు. వలవాళ్లు పొద్దంతా లాగి లాగి అలసిపోయారు, దొర చిక్కనే లేదు. ఆ సాయంత్రం రవ్వల పులుసు వండి అందరికంటే ఎక్కువ అక్కే తిన్నది. కాబట్టి ఆమె చేపల మీద జాలితో అలా చేసిందని ఎవరూ అనుకోవద్దు.

ఇక మా సారు సంగతి. రిటైరైన ఇంజనీరు, మా కంపెనీలో యంత్రాలు చూడటానికి వచ్చేవారు. ఉద్యోగం మీద ఏదో చలిదేశంలో కొన్నేళ్లున్నారు. అక్కడ చలికాలంలో చేతులకు ఉన్ని తొడుగులేసుకుని, కదలని నీళ్ల పక్కన గంటలకు గంటలు నిలబడి ట్రౌట్ అనే చేపను పట్టి, ఫోటో దిగి వదిలేసేవారట. ఎరతో కాదు, పురుగుతో కాదు. గాలానికి పక్షి ఈకలు, దారం కట్టి దాన్ని ఈగలా తయారు చేస్తారట. చేప అది ఈగ అనుకుని మోసపోతుందట. ఆ దేశం నుంచి వెదురు బెత్తంలాంటి సన్నటి కర్ర ఒకటి తెచ్చుకున్నారు గానీ, హైదరాబాదులో దాన్ని ఎక్కడ విసరాలో తెలియక అటక మీద పెట్టుకున్నారు. క్యాంటీన్‌లో ఆయన ఈ బాధ చెప్పుకుంటుంటే, నా రోగం నన్ను ఊరుకోనివ్వలేదు.

"ట్రౌట్ తప్ప అన్నీ ఉన్నయ్ సార్ మా అక్క గుంటల," అన్నాను. "మీరు రావాలె గాని, చేపలే మీద పడ్తయ్."

డిసెంబరులో మొదటి ఆదివారం ఆయన కారు వేసుకుని వచ్చారు. ఎన్ని జేబులున్నాయో లెక్క తేలని కోటు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. బావకు ఆయన్ను చూడగానే ఆశ పుట్టింది. ఇట్లాంటివాళ్లు ఆదివారం ఆదివారం వరసగా కార్లేసుకుని వస్తారనీ, గట్టు మీద రేకుల షెడ్డు, ఒక బోర్డు పెట్టాలనీ ఆయన బూట్లు చూస్తూనే నిర్ణయించేశాడు.

సారు కర్ర విసరడం చూడముచ్చటగా ఉండేది. దారం తల మీదుగా వెనక్కి పోయి, సాగి, మళ్లీ ముందుకు వచ్చి నీటి మీద మెత్తగా వాలేది. నేను విసిరితే అది వెనక్కి పోయి తుమ్మచెట్టుకు తగులుకునేది. నెల రోజుల్లో నేను ఆ తుమ్మను ఎన్నిసార్లు పట్టానో లెక్కలేదు. ఒకసారి బావ తలగుడ్డను పట్టాను. దాన్ని కూడా వదిలేశాం, నియమం ప్రకారం.

చేప మాత్రం ఒక్కటీ పడలేదు. చలికి చేపలు అడుగున బురదలో కదలకుండా పడుకునేవి. పైకి వచ్చేది అక్క పిలిచినప్పుడే. ఆదివారాలు అక్క తొమ్మిదింటికే నారాయణపేట చీర కట్టుకుని చర్చికి పోయేది, ఒంటిగంటకు వచ్చాక మేత వేసేది. ఆమె వచ్చేసరికి సారు టిఫిన్ డబ్బా ఖాళీ చేసి కారెక్కి పోయేవారు. వాళ్లిద్దరూ ఎదురుపడిందే తక్కువ. నేను అక్కతో "సారు ఊకెనే నీళ్ల మీద దారం ఏస్తడు, ఏం పడవు" అని చెప్పేవాణ్ని. "పోనీ తీ, ఆయనకు గదో ఆట" అనేది.

నాలుగు ఆదివారాలు ఇట్లాగే గడిచాయి. అయిదో ఆదివారం, మంచు ఇంకా గట్టు మీద గడ్డికి పట్టుకునే ఉంది, సారు కర్ర పక్కన పెట్టి కోటు జేబులోంచి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు.

"ఏమనుకోకు తమ్ముడూ. అసలు ఇందులో చేపలు ఉన్నాయంటావా?"

ఆయన చాలా మర్యాదగా అడిగారు. అదే నన్ను కాల్చింది. తిట్టి ఉంటే పడేవాణ్ని. నెల రోజులుగా నా మాట మీద వచ్చిన మనిషి, నన్ను కోతలరాయుడు అనుకుంటూ కూడా ఆ మాట పైకి అనలేక ముక్కు తుడుచుకుంటున్నాడు. కోతలరాయుణ్నే కావచ్చు, కానీ చేపలు ఉన్న మాట అబద్ధం కాదు కదా!

"ఒక్క అర్ధగంట కూసోండి సార్," అన్నాను.

బావ మంచం మీద ఆరేసిన గొంగడి అంచు నుంచి ఇంత ఉన్ని పీకాను. దాన్ని గాలానికి చుట్టి, దారం కట్టి, వేళ్లతో ఉండ చేశాను. అచ్చం నానిన పల్లిచెక్క ముద్దలా తయారైంది. సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏ జాతి ఈగ అని అడిగారు. పాలమూరు జాతి అన్నాను. తర్వాత ఇంట్లోకి పోయి గోడకున్న తలె, గరిటె తెచ్చాను.

బావ నా చేయి పట్టుకున్నాడు. "వద్దురా. మీ అక్కకు తెలిస్తే నిన్నూ నన్నూ ఇద్దర్నీ బొంద పెడ్తది."

"ఎవరు చెప్తరు? నువ్వు చెప్తవా?"

బావ తన బోర్డు గురించి ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టున్నాడు. చేయి వదిలేశాడు. బకెట్‌లో చెక్క కూడా ఆయనే నానబెట్టాడు.

నేను గట్టు మీద నిలబడి తలె కొట్టాను. నీళ్లు కదల్లేదు. మళ్లీ కొట్టాను. అప్పుడు అక్క గొంతు పెట్టాను. చిన్నప్పటి నుంచీ విన్న గొంతే, రావడం కష్టం కాలేదు. "దా బిడ్డా దా... దా..." అని, ఆఖరున ఆమె ఎట్లా సాగదీస్తుందో అట్లాగే సాగదీసి పిలిచాను. బావ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు.

చేపలు వచ్చాయి. నాలుగు మూలల నుంచీ గీతలు. సారు నోరు తెరుచుకుని నిలబడిపోయారు, చేపల కంటే పెద్దగా. పిడికెడు చెక్క విసిరాను. రవ్వలు ఎగబడ్డాయి. ఆఖరున నల్లటి వీపు తేలింది, చిన్నవి జరిగాయి.

"ఇప్పుడెయ్యండి సార్!"

ఉన్ని ఉండ దొర ముందు వాలింది. అది తొందరపడలేదు. రోజూ తినే అన్నం తిన్నట్టు, నెమ్మదిగా నోరు తెరిచి మూసింది.

తర్వాత పావుగంట ఏం జరిగిందో వరసగా చెప్పలేను. కర్ర విల్లులా వంగింది, కర్రకున్న దారపు చక్రం కుయ్యోమంది, సారు బూట్లలో నీళ్లు నిండాయి, నేను నడుము లోతులో దిగి ఏవో సలహాలు అరిచాను, అన్నీ తప్పు సలహాలే. చివరకు సారు దాన్ని రెండు చేతులా ఎత్తుకుంటే బావ ఫోటో తీశాడు. సారు పక్కన నేను, తడి బట్టలతో, చంకలో తలెతో, ముప్పైరెండు పళ్లూ కనిపించేలా. సారు దాన్ని నీళ్లలో ముంచి, తోక దగ్గర పట్టుకుని, చంటిపిల్లకు స్నానం పోసినట్టు ముందుకూ వెనక్కూ ఆడించి వదిలారు. అది మునిగిపోయింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను కౌగిలించుకుని, ఇన్నేళ్లలో ఇంత ఆనందం లేదన్నారు. నిజం చెప్పాలంటే, నాకూ అంత గొప్ప ఆదివారం అంతకుముందు లేదు.

ఒంటిగంటకు అక్క వచ్చింది. తలె ఎప్పటి గోడకే ఉంది. బకెట్ పట్టుకుని గట్టు మీదికి పోయి కొట్టి పిలిచింది. నేను ఇంటి అరుగు మీద జొన్నరొట్టె తింటూ చూస్తున్నాను. నాలుగు చిన్న గీతలు గుంట మధ్యదాకా వచ్చి ఆగిపోయాయి. వెనక్కి తిరిగాయి. అక్క ఇంకాసేపు పిలిచింది. తర్వాత చెక్క నీళ్లలో పోసి వచ్చింది.

"చలి ఎక్కువైంది గావచ్చు," అంది.

"అవునక్కా, శాన చలి," అన్నాను. రొట్టె అయిపోయింది, బస్సెక్కి జడ్చర్ల వచ్చేశాను.

సోమవారం ఫోన్ చేసింది. "ఇయ్యాల గూడ రాలేదురా." మంగళవారం మళ్లీ చేసింది. "మీ కంపెనీల చేపలకు మందు దొరుకతదా? వాటికి ఏదో రోగం వచ్చినట్టుంది. జర మీ పెద్దసార్లను అడుగు." నేను టోపీ పెట్టుకుని, యంత్రం పక్కన నిలబడి, అడుగుతానక్కా అన్నాను. బుధవారం తవుడు మార్చి చూసింది. గురువారం బావ ఫోన్ చేసి, మీ అక్క అన్నం సరిగ తింటలేదు, నేను చెప్పాలా నువ్వు చెప్తవా అని గుసగుసగా అడిగాడు. నేను వచ్చి చెప్తానన్నాను. ధైర్యంతో కాదు, ఇంకో మూడు రోజులు గడువు దొరుకుతుందని అన్నాను.

ఆదివారం సారును రావద్దన్నాను. పొద్దున బస్సు దిగి ఇంటికి పోయేసరికి అక్క చర్చికి తయారవుతోంది. "నువ్వు గూడ రా," అంది. నేను క్రిస్మస్‌కు మాత్రమే మందిరం గడప తొక్కే బాపతు. అయినా ఆ రోజు వద్దనే మొహం లేక వెళ్లాను. పాస్టరు జబ్బు పడ్డవాళ్ల కోసం ప్రార్థించమన్నాడు. ఒకరు భర్త పక్షవాతం అన్నారు, ఒకరు కోడలి కాన్పు అన్నారు. అక్క లేచి నిలబడింది.

"మా గుంటల చేపల కోసం," అంది.

పాస్టరు ఒక్క క్షణం తడబడ్డాడు. ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. కానీ అక్క మోకాళ్ల నొప్పితో కూడా అట్లాగే నిలబడి ఉంది, కూర్చోలేదు. పాస్టరు కళ్లు మూసుకుని, ప్రభువా ఈ సహోదరి చేపలకు స్వస్థత దయచేయుము అన్నాడు. మందిరం మొత్తం ఆమెన్ అంది. అంతమంది ముందు దేవుణ్ని కూడా అబద్ధంలోకి లాగానని అనిపించింది.

ఇంటికి వచ్చే దారిలో, పల్లి పీకిన చేను పక్కన, చెప్పేశాను. అక్క నడవడం ఆపింది.

"ఫోటో ఉన్నదా?"

ఇచ్చాను. ఫోన్ కళ్ల దగ్గరికి తెచ్చుకుని దొర మూతిని చాలాసేపు చూసింది. నా పళ్ల వంక చూడనే లేదు.

"నెత్తురు వచ్చిందా?"

"రాలేదక్కా. ముల్లు లేని గాలం అది. సంపలేదు గద, మల్లా నీళ్లల్లనే ఇడిసినం."

"తలె కొట్టినవ్. పిలిచినవా?"

"పిలిచిన."

"ఏమని?"

చెప్పక తప్పలేదు. "దా బిడ్డా దా అని."

"నా లెక్కనా?"

తల ఊపాను. అక్క ఫోన్ నా చేతిలో పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను. "కోసి కూర వండుకున్నా గింత బాధ గాకపోవు," అని మాత్రం అని, ఒక్కో అడుగే వేస్తూ ముందు నడిచింది. ఇంటికి పోయాక బావకు మూడు రోజుల పాటు పచ్చిపులుసు తప్ప ఏమీ పెట్టలేదని తర్వాత తెలిసింది. బోర్డు మాట బావ మళ్లీ ఎత్తలేదు. సారు ఫోన్ చేస్తే చేపలకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. అది అబద్ధం అనిపించలేదు.

చలి తగ్గేసరికి రవ్వలు తిరిగి రావడం మొదలుపెట్టాయి. వాటికి ఆకలి ముందు, జ్ఞాపకం తర్వాత. దొర మాత్రం రాలేదు. చచ్చిపోలేదు. అక్క గట్టు దిగి ఇంటి దాకా పోయాక, అవతలి మూల నుంచి వచ్చి మిగిలిన చెక్క తినిపోయేది. నేను చూశాను. ఆమె తిరిగి ఒక్క అడుగు ఇటు వేస్తే మునిగిపోయేది.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు వెళ్లినప్పుడు, అక్క మేత వేసి, నిలబడకుండా గబగబా వచ్చేసి, గుంటకు వీపు తిప్పి అరుగు మీద కూర్చుంది. నేను ఆమె మెప్పు కోసం ఒక ఉపాయం చెప్పాను. చెట్టు చాటున నిలబడి, కొద్ది కొద్దిగా దగ్గరికి పోతే, నెలకో రెండు నెలలకో అలవాటు పడుతుంది కదా అన్నాను.

"వద్దు," అంది. "దూరంకెళ్లే తిననీ."

"ఎందుకక్కా? నీకు ఇష్టమే గద అది వస్తే."

"ఇష్టమే ఉండె. గప్పుడు ఆకలైతె వస్తుండె, నా మీద నమ్మకంతోని వస్తుండె. ఇప్పుడు నన్ను చూస్తే వణుకుతాండు." కొంగుతో మోకాళ్లు కప్పుకుంది. "ఒకల్ల గొంతు ఇంటే గుండె ఎట్ల జారుతదో నాకు ఎరుకే తమ్మీ. నా గొంతు ఇని ఇంకొకలు గట్ల గావొద్దు."

ఆ తర్వాత ఆమె తలె కొట్టలేదు, పిలవలేదు. రోజూ పది గంటలకు చప్పుడు చేయకుండా పోయి, చెక్క నీళ్లలో పోసి, చప్పుడు చేయకుండా వచ్చేస్తుంది.